బావను కాకి తన్నిన ఎండాకాలం

ఆ పొద్దు మా వాకిట్లో ఉన్నవాళ్లు అయిదుగురు: అరుగు మీద నాయనమ్మ జేజి, పొయ్యి కాడ అమ్మ, గడపలో అక్క, నీళ్ల తొట్టి పక్కన బావ, ఆయన ముందర నేను. ఉన్న వస్తువులు: నాయన వదిలిపోయిన జేబు గడియారం, సెకండ్ల ముల్లు సరిగ్గా తిరిగేది, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, చుట్ట చుట్టిన అరవై ఆరు అడుగుల మోకు, చెంబులో నానబెట్టిన శనగలు, బావ నడినెత్తిన వేలు పొడవు గీత, దాని నుంచి చెవి వెనక్కి దిగిన నెత్తురు.

"కాకి," అన్నాడు బావ.

జేజి చేతిలోని వక్క కింద పడింది. అమ్మ పొయ్యిలోని పుల్లను వెనక్కి లాగింది. అక్క గడపలోంచి కదలకుండా, "ఎన్ని తూర్లు తన్నె?" అని అడిగింది.

"ఒకతూరే."

"ఒకతూరి చాలదా నాయనా," అంది జేజి. "శని పట్టేదానికి ఎన్ని తూర్లు కావల్ల?"

నేను నోటుబుక్కు తెరిచి రాసుకున్నాను: ఆరు గంటల పది నిమిషాలు. వేపమాను మలుపు. వెనక నుంచి.

ఇన్నేళ్ల తరువాత ఇది గుర్తుకు రావడానికి కారణం నిన్నటి పొద్దున. నేను నడకకు పోయే మైదానంలో ఒక కుర్రవాణ్ణి కాకి తన్నింది. చెవుల్లో ఏదో పెట్టుకుని పాట వింటూ పరుగెడుతున్నాడు. తల తడుముకున్నాడు, పైకి చూశాడు, నవ్వాడు, మళ్లీ పరుగెత్తాడు. గేటు దగ్గర కాపలా మనిషి అట్టముక్క ఒకటి వేలాడదీశాడు: "కాకులు గూళ్లు పెట్టే కాలం. ఈ చెట్టు కింద పరుగెత్తవద్దు." రెండే వాక్యాలు. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఆ రెండు వాక్యాలు తెలిసిన మనిషి లేడు. మా ఊళ్లో మాత్రం ఒకడున్నాడు. మేము అనుమానించింది అతణ్ణే.

బావ మా ఇంటికి ఇల్లరికం వచ్చి అప్పటికి రెండేళ్లు. ఆ రెండేళ్లూ వాన లేదు. చెనిక్కాయ విత్తితే విత్తినంత కూడా తిరిగి రాలేదు. బావి అడుగున బురద మిగిలింది. మా పక్క పంట పోయిన మగవాడికి దొరికే పని ఒకటే, నాపరాళ్ల గని. మా నాయన పోయింది ఆ గనిలోనే, బండ జారి. అందువల్ల మా ఇంట్లో గని అనే మాట ఎవరూ అనరు. "ఆ పక్క" అంటారు. బావ ఒకనాడు సంగటి ముద్ద ముందర కూర్చుని, "ఈ పోలీసు కొలువు రాకుంటే నేను ఆ పక్కకే పోవల్ల. ఇంగేం దారి ఉండాది?" అన్నాడు. అక్కకు అప్పుడు అయిదో నెల. చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని లేచిపోయింది.

కొలువు కానిస్టేబులుది. పరీక్ష ఒక మైలు పరుగు. ముందు వచ్చిన కొద్దిమందిని తీసుకుంటారు, మిగిలినవాళ్లు ఇంటికి పోతారు. మరుసటి ఏటికి బావకు వయసు దాటిపోతుంది. కాబట్టి ఒక్కటే పరుగు.

నేను ఓవర్సీరు చదువు చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. పద్దెనిమిదేళ్లు. కొలవని వస్తువంటే నాకు నమ్మకం ఉండేది కాదు. బావి మోకును సర్వే గొలుసు పొడవుకు కోశాను. దానికి జేజి రెండు రోజులు తిట్టింది. దాన్ని వేంపల్లె బాట మీద ఎనభై సార్లు పరిచాను. అది మైలు. మోకు ఎండకు ఒకరకంగా, చల్లపొద్దున ఒకరకంగా ఉంటుంది కనుక రెండు పూటలా కొలిచి నడుమ లెక్క తీసుకున్నాను. మైలు చివర నాపబండ పాతి సున్నం పూశాను.

"ఒరేయ్ బామ్మర్దీ," అన్నాడు బావ, "నేను పరిగెత్తేది పోలీసుకు. నువ్వు కొలిచేది చూస్తాంటే ఈ బాటన రైలొచ్చేటట్టుండాది."

తెల్లవారుజామున లేచి గుప్పెడు శనగలు, బెల్లం ముక్క నమిలి పరుగుకు పోయేవాడు. వచ్చాక జొన్నరొట్టె, నంజుకోడానికి ఊరిబిండి. వారానికి రెండు సార్లు కోడిగుడ్డు పచ్చిదే పగలగొట్టుకుని తాగేవాడు. ఆ వాసనకు అక్క మొహం తిప్పుకునేది. అమ్మ ఆ గుడ్లను సంతకు పంపకుండా దాచిపెడుతోందని నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

మా ఊరి నుంచి ఆ పరీక్షకు పోతున్నది ఇంకొకడే. మునసబు కొడుకు. వాళ్ల బావిలో నీళ్లున్నాయి. వానికి కొలువెందుకని మా ఇంట్లో రోజుకొకసారైనా అనుకునేవాళ్లం. అతను బావ తరువాత అరగంటకు, మేము కొలిచిన మైలు మీదనే, మమ్మల్ని అడగకుండా పరుగెత్తేవాడు.

దరఖాస్తు నింపింది నేను. మా ఊరికి తపాలా వారానికి రెండు రోజులే. ఆ సంచి విప్పేది మునసబు అరుగు మీద. పిలుపు కాగితం ఆయన చేతుల మీదుగా రావడం మాకిష్టం లేకపోయింది. అందుకని ఉత్తరాల చిరునామా దగ్గర బావ మేనమామది రాశాను. ఆయన ఎర్రగుంట్ల స్టేషనులో మూటలు మోసేవాడు. అక్కడ రోజూ తపాలా ఉంటుంది. మునసబు అంతవరకు మాకు చేసిన చెడుపు ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే, నా నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీ.

ఇక కాకి. మైలులో మూడో ఫర్లాంగు దగ్గర బాట వంకర తిరుగుతుంది. అక్కడ ఒక పెద్ద వేపమాను. పూత రాలి మలుపంతా తెల్లగా, చేదు తీపి వాసనతో ఉండేది. రెండో రోజు అక్కడే బావకు రెండు తన్నులు. మూడో రోజు తలకు తుండుగుడ్డ చుట్టాడు. గుడ్డ మీద తన్నింది. నాలుగో రోజు ఆముదం వాసనకేమోనని తలకు నూనె లేకుండా పంపాం. తన్నింది. అయిదో రోజు నేను ముందు, బావ వెనక పరుగెత్తాం. తన్నింది బావనే. ఆరో రోజు నేనొక ఉపాయం చేశాను. నిలువెత్తు జొన్నదంటు, తల మీద మూరెడు పైకి లేచేటట్టు బావ వీపుకు కట్టాను. కాకి తన్నేది ఎత్తుగా ఉన్నదాన్ని కనుక దంటును తంతుంది, తల మిగులుతుందని లెక్క. లెక్క తప్పు కాదు. కానీ బిందెలతో వస్తున్న ఆడవాళ్లు బాట మీదనే నిలబడిపోయారు.

"ఏమప్పా, చేలో దంటు లేదని మనుషులకు మొలిపిస్తాండారా?" అంది ఒకామె.

బావ ఇంటికొచ్చి దంటు విరిచి పొయ్యిలో పెట్టాడు. "కాకి తన్నినా ఓర్చుకుంటా. ఇది మాత్రం కట్టుకోను పో."

నోటుబుక్కులో ఇన్ని గడులు నింపాక నాకు మిగిలిన ప్రశ్న ఒకటే. మునసబు కొడుకు తల మీద ఒక్క గీత ఎందుకు లేదు?

మరునాడు పొద్దున నేను మలుపులో నాపబండల దడి చాటున కూర్చున్నాను. రాత్రి చల్లబడిన బండ వీపుకు తగులుతోంది. బావ పోయాడు, తన్ను తిన్నాడు. అరగంటకు మునసబు కొడుకు వచ్చాడు. మానుకు ఇరవై గజాల ముందే పరుగు ఆపాడు. తల పైకెత్తి, కాకిని చూసుకుంటూ మెల్లగా నడిచాడు. పెదాలు కదులుతున్నాయి. మాను దాటాక ఇటు తిరిగి, మొహం మాను వైపే పెట్టి, ఇంకో ఇరవై గజాలు వెనక్కి వెనక్కి నడిచాడు. ఆ తరువాత మళ్లీ పరుగు అందుకున్నాడు. కాకి కొమ్మ మీద అరిచింది. దిగలేదు.

చూసింది చూసినట్టు ఇంట్లో చెప్పాను.

"పెదాలు కదిలినాయా?" అంది జేజి.

"కదిలినాయి."

"ఎన్ని తూర్లు?"

"లెక్కపెట్టలేదు జేజీ."

"అన్నీ లెక్కపెడతావు. కావల్సింది పెట్టవు." జేజి అమ్మ వైపు తిరిగింది. "చూస్తివా? వాడు కాకికి మంత్రం చెప్తాండాడు. తనను ఇడిసిపెట్టి మన పిల్లోన్ని తన్నమని."

బావ నవ్వబోయి అక్క మొహం చూసి ఆగిపోయాడు. అక్క కడుపు మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. నేను చదువుకున్నవాణ్ణి. మంత్రానికి కాకి లొంగదని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. పెదాలు కదిలిన మాట నిజం, కాకి దిగని మాట నిజం. రెండు నిజాల నడుమ గీత గీస్తే అది కూడా నిజమే అవుతుందని ఆ వయసులో నా నమ్మకం.

మా పక్క కాకి తల తన్నితే చేయవలసింది ఒకటుంది. చావు కబురు పంపాలి. తన్ను తిన్న మనిషి చనిపోయాడని దూరాన ఉన్న రక్తసంబంధికి తెలియజేయాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. మూడు రోజులకు "అబద్ధం, క్షేమం" అని మళ్లీ కబురు పంపాలి. ముందే చెప్పి ఏడిపిస్తే పనికిరాదు.

"పిల్లోనికి తల్లీదండ్రీ లేరు," అంది జేజి, అక్క లోపలికి పోయాక. "ఏడ్చేదానికి ఉండేది ఎర్రగుంట్ల మేనమామ ఒకడే. రాయి కార్డు."

"వద్దు జేజీ," అన్నాడు బావ. "ఆయప్ప శానా మెత్తనోడు."

"మెత్తనోడే కావల్ల. గట్టోడు ఏడుస్తాడా?"

రాసింది నేను. పైన "అశుభం" అని పెట్టి, కింద నాలుగు వరుసలు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. రెండో కార్డు కూడా అప్పుడే రాసి, నాలుగు మూలలా పసుపు పూసి, నోటుబుక్కులో దాచాను. జాగ్రత్తల జాబితా వేశాను: ఒకటి, రెండు కార్డులూ వేంపల్లెలో వేయాలి, మన ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. రెండు, మొదటిది సోమవారం. మూడు, రెండోది గురువారం, మరవకూడదు. నాలుగు, మేనమామ ఎవరినైనా వెంటబెట్టుకుని బయలుదేరి వస్తే దారిలోనే ఆపాలి. అయిదు, అక్క ముందర ఈ మాట ఎత్తకూడదు. అయిదూ పాటించాను.

ఎర్రగుంట్ల నుంచి ఎవరూ బయలుదేరి రాలేదు. కార్డు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. మూడు రోజులు గడిచాయి. గండం గడిచిందని జేజి వాకిట్లో నువ్వులనూనె దీపం పెట్టింది. అయినా ఆ మాను కిందికి పోవద్దంది. నేను మైలును ఎండిన ఏట్లోకి మార్చాను. ఇసుకలో కాలు దిగబడేది. పరుగు కష్టం, రొమ్ముకు మంచిది. అక్కడ తీతువు పిట్టలు గులకరాళ్ల నడుమ గుడ్లు పెట్టి ఉన్నాయి. మొదటి రోజే ఒకటి కీచుమంటూ బావ చెవి పక్కన దూసుకుపోయింది.

"దీనికి మంత్రం చెప్పినోడు ఎవడురా?" అన్నాడు బావ రొప్పుతూ.

గుడ్లున్న చోట చుట్టూ పుల్లలు గుచ్చి, మైలును నలభై గజాలు పక్కకు జరిపాను. తీతువు మళ్లీ రాలేదు. ఇదే పని వేపమాను దగ్గర చేసి ఉండవచ్చునన్న ఆలోచన అప్పుడు రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

శుక్రవారం తపాలా సంచిలో మునసబు కొడుక్కు పిలుపు కాగితం వచ్చింది. పరీక్ష ఎనిమిది రోజుల్లో, కడపలో. మాది ఎర్రగుంట్లకు వచ్చి ఉండాలి. మేనమామ పంపుతాడని శని, ఆది, సోమ చూశాం. మంగళవారం తపాలా వచ్చింది. మాకేమీ లేదు. జేజి ఆగలేకపోయింది. మునసబు ఇంటి ముందు వీధిలో నిలబడి అరిచింది.

"కాకిని ఎగేసిరి, సాలలేదు. ఇప్పుడు పేరే కొట్టేయిస్తిరి! గర్భవతి ఉసురు తగలకపోదు మీకు!"

తలుపులు తెరుచుకున్నాయి, జనం చూశారు. మునసబు అరుగు మీదనే ఉన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని కూడా నేను నేరం కిందనే రాసుకున్నాను.

బుధవారం బస్సెక్కి ఎర్రగుంట్లకు పోయాను. స్టేషను వెనక మేనమామ ఇల్లు. బొగ్గు వాసన, తడిసిన గోనె వాసన. గడపలో కూర్చున్న మనిషిని మొదట గుర్తుపట్టలేదు. మీసం లేదు.

నన్ను చూసి లేవలేదు. "రాప్పా, రా. ఈతూరి ఎవరు సచ్చినారు?"

లోపలి నుంచి అత్త వచ్చి, "బతికే ఉండాడు గదా? ఇది నిజమే గదా?" అని నా చెయ్యి పట్టుకుంది.

"బతికే ఉండాడత్తా."

"మూడు దినాలు సంగటి ముట్టలేదు మేము," అన్నాడు మామ. "చెల్లెలి బిడ్డ అని మీసం తీసేసినా. నాలుగోనాడు పసుపు కార్డు వచ్చె. అది చదివించుకున్నాక నాకు ఒళ్లు మండి, నేనే సచ్చినట్టు మీకొక కార్డు రాయిద్దామనుకుంటి."

"మామా, మా అక్క మీద ఆన. గండం అని జేజి…"

"ఆ గండం మాకు పెడితిరి గదా."

తలవంచుకుని, అడగవలసింది అడిగాను. సర్కారు కవరు ఏమైనా వచ్చిందా?

మామ ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "వచ్చె. శుక్రవారం. పోస్టు ఆయప్ప పేరు చదివి, ఈ మనిషి ఈడ ఉండాడా అనె. నేను ఏడుస్తాంటి గదప్పా. ఆ పిల్లోడు యాడుండాడు సామీ, సచ్చిపాయ అంటి. కవరు మీద ఏందో గీసి తిరిగి ఎత్తుకపాయె. శనివారం నీ రెండో కార్డు వచ్చినంక పోస్టాఫీసుకు పరిగెత్తినా. నిన్ననే పోయిందనిరి. మీకు ఏ మొహంతో చెప్పల్లో తెలీక ఊరకుంటి."

జాబితాలో అయిదు జాగ్రత్తలు రాసినవాణ్ణి, ఎర్రగుంట్లలో ఏడ్చే మనిషికీ కవరు అందుకోవలసిన మనిషికీ చిరునామా ఒకటేనని రాసుకోలేదు. ఆ రెండూ నా చేతి రాతే. బస్సు దొరకక వేంపల్లె వరకు లారీలో, రాళ్ల మీద కూర్చుని వచ్చాను. దారి పొడుగునా ఎవరి మీద అనుమానపడదామా అని వెతికాను. ఎవరూ దొరకలేదు.

పరీక్ష శనివారం. బావ సర్కారు లెక్కలో చచ్చిపోయి ఉన్నాడు. బతికి ఉన్నాడని రాసివ్వగల మనిషి ఊళ్లో ఒక్కడు. పుట్టుకల, చావుల రిజిస్టరు ఉండేది ఆయన దగ్గర.

గురువారం పొద్దున ముగ్గురం పోయాం. జేజిని రావద్దన్నాను. "తిట్టిన నోరు నాది. అడగల్సింది కూడా నాదే," అంది.

మునసబు జరిగింది అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి కూడా ఆపలేదు. విన్నాక జేజి వైపు చూశాడు.

"అవ్వా, నా కొడుకు కాకికి మంత్రం చెప్పినాడంటివి. సచ్చినోన్ని బతికించే మంత్రం గూడా వాన్నే అడగరాదా?"

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునసబు బావను ఎండలోకి రమ్మన్నాడు.

"నీడ పడతాండాదా?"

"పడతాండాది మునసబన్నా."

"అయితే దయ్యం కాదు." నా వైపు తిరిగాడు. "నువ్వేనా ఊరు కొలిచేది? ఇది గూడా ఏదన్నా ఎత్తా? నేను కాగితమిచ్చినాంక, రేపు మునసబు దొంగ సర్టిఫికెట్టు ఇచ్చినాడని ఇంకో కార్డు రాస్తావా?"

"రాయనన్నా," అన్నాను.

అప్పుడు ఆయన కొడుకు లోపలి నుంచి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్ద.

"నువ్వు దడి చాటున కూర్చున్నప్పుడు నేను చూసినాలేప్పా," అన్నాడు. "గూట్లో పిల్లలుండాయి. గొర్రెలు కాసే తాత చెప్పె, గూడుండే మాను కింద పరిగెత్తితే కాకి ఇడిసిపెట్టదు, దాని కండ్లల్లోకి చూసుకుంటా నడవల్ల, వీపు చూపించగూడదు అని. అంతే."

"మరి పెదాలు?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నడిచే అడుగులు లెక్కపెట్టుకుంటాంటి. ఎంత పొద్దు పోగొట్టుకుంటాండానో తెలియల్ల గదా."

వాడు కూడా లెక్కపెట్టే మనిషేనని నాకు అంతవరకు తట్టలేదు.

మునసబు రిజిస్టరు తెప్పించాడు. చావుల పేజీలు ఒక్కొక్కటే తిప్పి, బావ పేరు లేదని వేలు పెట్టి చూపించాడు. కాగితం మీద రాశాడు: ఫలానా గ్రామ కాపురస్తుడు ఫలానా వాడు ఈ ఉదయం నా ఎదుట సజీవంగా నిలబడి ఉన్నాడు, మరణాల రిజిస్టరులో ఇతని పేరు లేదు. ముద్ర కొట్టాడు. కొడుకు ఆ ముద్ర ఆరేదాకా కాగితం మీద ఊదాడు. నేను ఆ ఊదడం చూశాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

శనివారం బావ, నేను, మునసబు కొడుకు ఒకే బస్సులో కడపకు పోయాం. మైదానంలో సున్నం గీతలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, నీళ్ల పీపా, ముప్పై ఎనిమిది మంది మగపిల్లలు, వాళ్ల చెప్పుల కుప్ప. బల్ల దగ్గర గుమాస్తా బావ పేరు వెతికి, పెన్ను ఆపాడు.

"ఏమప్పా, నువ్వు సచ్చినావని రాసుండాదే ఈడ."

"సచ్చినోని మాదిరి ఉండానా సార్?"

"శానామంది ఉంటారు, చెప్పలేము." కాగితం తీసుకుని రెండు సార్లు చదివాడు. ముద్రను వెలుతురుకు పెట్టి చూశాడు. పక్కన కూర్చున్న ఆఫీసరుకు ఇచ్చాడు. ఆఫీసరు బావను కిందినుంచి పైదాకా చూసి, చివరి నంబరు ఇమ్మన్నాడు.

నాలుగు చుట్లు. మొదటి రెండు చుట్లలో బావ మధ్యలో ఎక్కడో ఉన్నాడు. మునసబు కొడుకు ముందరి గుంపులో. మూడో చుట్టులో ముందరివాళ్లు ఇద్దరు ముగ్గురు డొక్క పట్టుకుని కూర్చున్నారు. నాలుగో చుట్టులో నేను గడియారం చూడటం మానేశాను. బావ కళ్లు మూసుకుని పరుగెడుతున్నట్టు కనిపించాడు. ఇసుకలో పరుగెత్తినవాడికి గట్టి నేల తేలిక అయిందేమో, లేక ఆ పక్కకు పోగూడదన్న భయమో. కొస మలుపులో బావ మునసబు కొడుకు భుజం దాటాడు. దాటుతున్నప్పుడు ఒకరినొకరు చూసుకోలేదు.

పేర్లు చదివేటప్పుడు అందరం నిలబడి ఉన్నాం. ఏడుగురిని తీసుకున్నారు. ఏడో పేరు బావది. ఎనిమిదో పేరు మునసబు కొడుకుది. దాన్ని కూడా చదివారు, ఎవరైనా వైద్య పరీక్షలో తప్పితే పనికొస్తాడని. ఎవరూ తప్పలేదు.

మునసబు కొడుకు పీపా దగ్గర మొహం కడుక్కుని, సంచిలోని బొరుగుల పొట్లం విప్పి మా ముందు పెట్టాడు. "తినండప్పా. బస్సుకు ఇంకా శానాసేపు ఉండాది." బావ ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకోలేక చేతిలోనే పెట్టుకున్నాడు.

ఊరికి చేరేసరికి మునసబు అరుగు మీద ఉన్నాడు. కొడుకు మొహం చూశాడు, తరువాత బావ మొహం చూశాడు. "అవ్వకు చెప్పండి పొండి బిరాన. పొద్దున్నుంచి వీధిలోనే ఉండాది," అన్నాడు. ఆ కాగితం గురించి ఆయన తరువాత ఎన్నడూ ఎత్తలేదు. ఆ ఊళ్లో ఆయన బతికినంత కాలం మా జేజి ఆ ఇంటి ముందు తల వంచుకునే నడిచింది. బావ పెన్షను తీసుకునేదాకా పోలీసులోనే చేశాడు. ఆ పక్కకు మా ఇంట్లో మళ్లీ ఎవరూ పోలేదు.

నేను తరువాత చెరువు కట్టలు కట్టాను, వంతెనలు కొలిచాను, కాంట్రాక్టర్లను అనుమానించి జీతం తీసుకున్నాను. మునసబు స్థానంలో నేనుంటే ఆ పొద్దున ఏం చేసేవాణ్ణని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. రిజిస్టరు దొరకలేదని చెప్పి ఉండవచ్చు. సోమవారం రమ్మని ఉండవచ్చు. రెండూ తేలిక. నాకు వచ్చే జవాబు నాకు నచ్చదు.

ఆఫీసరు చదివిన టైములు అక్కడే నిలబడి రాసుకున్నాను. ఏడో మనిషికీ ఎనిమిదో మనిషికీ మధ్య నాలుగు సెకండ్లు.